గేటు వేసే మనిషి

మా కొండల్లో ఒక మనిషి మంచిదో కాదో తేల్చడానికి చర్చికి వస్తోందా, తాగుతోందా అని ఎవరూ చూడరు. పొలం గేటు దాటాక వెనక్కి తిరిగి గడియ వేసిందా లేదా అన్నదే చూస్తారు. వేసిందా, మన మనిషి. వెయ్యలేదా, పబ్బులో ఏడాదికి సరిపడా కబుర్లు దొరికినట్టే. బెరిల్ ప్రాసర్ గురించి అలా కొన్నేళ్ళు చెప్పుకున్నారు.

ఆమెది బర్మింగ్‌హామ్. పెళ్ళికి ముందు మా ఊరి మెర్విన్ ఆమెను మా దారి చూపిస్తానని తీసుకొచ్చాడు. మా దారి అంటే ఒక్కటే. చర్చి పొలంలోంచి బీచ్ అనే చెట్ల అడవిలోకి ఎక్కి, కొండ వీపు మీదుగా నడిచి, అవతల వాగు వెంట దిగి, పబ్బు ముందు తేలి, మళ్ళీ చర్చి దగ్గరికే వచ్చే చుట్టు. పొద్దున్నే బయల్దేరి, కూర్చున్నచోట కూర్చుంటూ తింటూ నడిస్తే సాయంత్రానికి ఇల్లు. ఆ రోజు బెరిల్ తెల్ల బూట్లు వేసుకుని, కొండల్ని చూసి మురిసిపోతూ, గ్విలియం వాళ్ళ గేటు తెరిచి వదిలేసింది. గేటుకి ఇవతల ఆడ గొర్రెలు, అవతల పొట్టేలు. అది ఆగస్టు. మిగతాది చెప్పక్కర్లేదు. జనవరి మంచులో ఈనిన పిల్లల్ని గ్విలియం పెద్దాయన వంటింట్లో పొయ్యి పక్కన పెట్టుకుని సీసాతో పాలు పట్టాడు. పుట్టిన ప్రతి పిల్లకీ బెరిల్ అని పేరు పెట్టాడు.

ఇంకొకడైతే ఆ అమ్మాయిని మళ్ళీ ఈ ఊరికి తీసుకొచ్చేవాడు కాదు. మెర్విన్ ఆమె గేటు వదిలేసిన మరుసటి ఆదివారమే తీసుకొచ్చాడు. మొదటి గేటు తీసి పట్టుకుని, "ఇక నుంచి నేను తీస్తా, నువ్వు వెయ్యి. మనిద్దరం ఉన్నన్నాళ్ళూ ఇంతే" అన్నాడట. అతను పెళ్ళి చేసుకుంటావా అని అడిగింది అప్పుడేనని బెరిల్‌కి అర్థమవడానికి వారం పట్టింది.

అన్న మాట ప్రకారమే బతికారు. అతను జిల్లా రోడ్ల పని చేశాడు, ఆమె బడి వంటింట్లో తరతరాల పిల్లలకి బఠాణీలు తినిపించింది. వాళ్ళకి పిల్లల్లేరు, ఒకదాని తర్వాత ఒకటిగా కుక్కలుండేవి. వానైనా మంచైనా ఆదివారం మాత్రం ఆ చుట్టు తిరగాల్సిందే. మెర్విన్ గేటు తీసి, దాటి, వెనక్కి చూడకుండా పోయేవాడు. ఓ పదడుగులు వేసి నెమ్మదించేవాడు. వెనక గేటు కీచుమని, గడియ టక్కున పడిన చప్పుడు వినబడ్డాకే మళ్ళీ అడుగు జోరందుకునేది. వాళ్ళతో కలిసి నేనెన్నిసార్లు నడిచానో. పెళ్ళాం వచ్చిందా లేదా అని ఆ మనిషి కళ్ళతో చూడగా నేనెప్పుడూ చూడలేదు.

రెండేళ్ళ కిందట అతని బుర్ర మసకబారడం మొదలైంది. ముందు పేర్లు పోయాయి, ఆ తర్వాత ఏ రోజేదో పోయింది. ఆదివారం మాత్రం పోలేదు. ఈలోగా బెరిల్ తుంటి అరిగిపోయి, సెప్టెంబరులో ఆపరేషన్ చేశారు. కర్ర లేకుండా గుమ్మం దిగలేదు. ఆదివారం వచ్చిందంటే మెర్విన్ బూట్లు వేసుకుని, లేసులు బిగించుకుని, కిటికీ దగ్గర కూర్చునేవాడు. "పద, పొద్దెక్కుతోంది" అనేవాడు. "వచ్చే వారం వెళ్దాం" అనేది ఆమె. అతనికి వచ్చే వారం అంటే ఏమిటో తెలీదు కాబట్టి సరే అనేవాడు.

నవంబరు ఆఖరి ఆదివారం ఆకాశం మచ్చ లేకుండా ఉంది. ఆ నెలలో ఇక్కడ ఆకాశం అంత బాగుంటే భయపడాలి, పొద్దు వాలగానే నేల రాయిలా గడ్డకడుతుంది. బెరిల్ నొప్పి మాత్ర వేసుకుని కుర్చీలో కునుకు తీసింది. కళ్ళు తెరిచేసరికి మెర్విన్ లేడు. కోటు కొక్కేనికే వేలాడుతోంది. బూట్లు లేవు. ఫ్లాస్కు లేదు, దాంతోపాటు ఉండే రెండు కప్పులూ లేవు.

ఆమె కర్రతోనే నా తలుపు బాదింది.

"డోరీన్, మెర్విన్ వెళ్ళిపోయాడు. కోటైనా వేసుకోలేదు."

పోలీసులకి ఫోన్ చేశాం. కొండల్లో వెతికే దళాన్ని పంపుతున్నామన్నారు, చీకటి పడేలోగా చేరుకోవచ్చు, చేరుకోలేకపోవచ్చు అన్నారు. నాలుగింటికల్లా పొద్దు పోతుంది. అప్పటికే భోజనాల వేళ దాటింది. ఇద్దరం పబ్బుకి పరిగెత్తాం, అంటే నేను పరిగెత్తాను, బెరిల్ పళ్ళు బిగించుకుని నా వెనకాల కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

డాఫ్నీ హిగ్గిన్‌సన్ అక్కడే కూర్చుని మాంసం కోసుకుంటోంది. మా బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి, ఇప్పుడు మా నడక సంఘం మీద పెత్తనం చేస్తోంది. నాకు ఆమెంటే పడదు, దాచడమెందుకు. కానీ ఆ రోజు ఆమె కంచం పక్కకి తోసి, లేచి, చెంచాతో గ్లాసు మీద కొడితే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"వినండి. అది చుట్టు దారి. సగంమంది చర్చి వైపునుంచి ఎక్కండి, సగంమంది వాగు వైపునుంచి ఎదురు రండి. పైన రాతి స్తంభం దగ్గర కలుద్దాం. మధ్యలో ఎక్కడో ఒకచోట దొరక్క ఏం చేస్తాడు?"

"క్వారీ వైపు పోడు కదా?" అని పబ్బాయన మెల్లగా గొణిగాడు.

"మన దారి అటు పోయి ఎన్నేళ్ళయింది? క్వారీ తవ్వినప్పుడే దారిని పక్కకి మళ్ళించారుగా. కంచె కూడా ఉంది" అంది డాఫ్నీ.

బెరిల్ అప్పటికే గుమ్మం వైపు నడుస్తోంది. డాఫ్నీ అడ్డం పడింది. "నువ్వెక్కడికి? ఆ తుంటితో నువ్వూ పడితే ఇద్దర్ని మొయ్యాలి మేము. ఇక్కడే ఉండు."

బెరిల్ తను పట్టుకొచ్చిన మెర్విన్ కోటు నా చేతిలో పెట్టింది. "తొడిగేటప్పుడు ఎడమ చెయ్యి ముందు పెట్టు. కుడి భుజం లేవదు వాడికి" అంది. అంత మనిషిని పట్టుకుని 'వాడు' అని బెరిల్ అనడం ఆ రోజే విన్నాను.

నేను డాఫ్నీతో చర్చి వైపు వెళ్ళాను. చర్చి పొలం గేటు బార్లా తెరిచి ఉంది.

"చూశావా? ఆదివారం వచ్చిందంటే చాలు, ఎక్కడెక్కడి పట్నం జనమూ మన మీద పడతారు" అని డాఫ్నీ పళ్ళు నూరింది. అందరం దాటాక గేటు లాగి గడియ వేసింది. గడియ పడిందో లేదో ఒకసారి ఊపి కూడా చూసింది.

అడవి మొదట్లో ఉన్న గేటూ తెరిచే ఉంది. ఈసారి నేనే వేశాను. తెరిచి ఉన్న గేటు కనబడితే మా చేతులకి ముందు తెలుస్తుంది, తలకి తర్వాత తెలుస్తుంది. ఆ రోజు తల దాకా పోనే లేదు.

"మెర్విన్!" అని అరుచుకుంటూ ఎక్కాం. అరిచిన ప్రతిసారీ పొదల్లోంచి అడవికోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ లేచేవి. రాలిన ఆకు మడమ లోతున ఉంది. మనిషి పడుకుని ఉంటే ఆకు కుప్పో మనిషో తెలియదు. దుంగ కనబడినా, పాత గోనె కనబడినా ఆగేవాళ్ళం. నేను దగ్గరికి పోయి కర్రతో కదిపి చూసేదాన్ని. చూడాలని లేదు, చూడకుండా పోలేను. ఎండ చెట్ల కొసలకి ఎక్కిపోయింది. చేతిలో ఆ కోటు బరువెక్కిపోతోంది.

అడవి పైన పాడుపడ్డ పాక దగ్గర గేటు, అదీ తెరిచే ఉంది. డాఫ్నీ తిట్టుకుంటూ వేసింది. పాక దాటాక ఎక్కు ఎక్కువై, నాకు ఆయాసం వచ్చి ఒక రాయి మీద కూలబడ్డాను. డాఫ్నీ మాత్రం పక్కకి ఎటో వెళ్ళి, ఏదో సరిచేసి తిరిగొచ్చింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కొండ వీపు మీదికి చేర్చే ఆఖరి గేటు వేసే ఉంది. తీసుకుని దాటి, మళ్ళీ వేసి, రాతి స్తంభం వైపు నడిచాం.

అక్కడికి చేరకముందే అవతలి నుంచి వచ్చే జట్టు కనబడింది. నేను తలలు వెతుక్కున్నాను. వాళ్ళూ మా తలలు వెతుక్కుంటున్నారని వాళ్ళ నడకలోనే తెలిసింది. ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాం. వాళ్ళలోనూ మెర్విన్ లేడు, మాలోనూ లేడు. చుట్టు దారి చుట్టూ తిరిగేశాం, మధ్యలో మనిషి లేడు. గాలి చెవుల్ని కోసేస్తోంది. పడమట కొండల మీద పొద్దు ఎర్రబడి జానెడు ఎత్తున ఉంది.

అప్పుడు జీపు చప్పుడైంది. రెజ్ గ్విలియం తమ పొలం బాటలో ఎక్కి వస్తున్నాడు. పొట్టేలు కథలోని పెద్దాయనకి కొడుకు. పక్క సీట్లో బెరిల్ ఉంది.

"ఆపబోయాను. కర్రెత్తింది" అన్నాడు రెజ్, దిగుతూ.

బెరిల్ మా మొహాలు చూసి అడగాల్సింది అడగలేదు. ఇంకోటి అడిగింది. "ఏమీ కనబడలేదా? టోపీ, కప్పు, ఏదో ఒకటి?"

"ఏమీ లేదు తల్లీ. అడుగులు కూడా పడటం లేదు, నేల గట్టిపడిపోయింది" అన్నాను.

డాఫ్నీకి భయం వేస్తే ఎవరో ఒకర్ని తిట్టాలి. "మనకంటే ముందు ఎవరో పట్నం వెధవలు మాత్రం ఊరేగి వెళ్ళారు. కింద నుంచి ప్రతి గేటూ బార్లా తీసి ఉంది. వేసుకుంటూ చచ్చాం."

బెరిల్ చటుక్కున తలెత్తింది. "ప్రతి గేటూనా?"

"చర్చి పొలం, అడవి మొదలు, పాక. వెనకవాళ్ళు వేస్తార్లే అనుకునే రకం."

"అవును, వెనకవాళ్ళు వెయ్యాలి" అంది బెరిల్. "అవి నా గేట్లు, డాఫ్నీ. నేను వెనకాల వస్తున్నాననుకుని తీసి పెట్టాడు."

రెండు కప్పులు. తనొక్కడే వెళ్ళేవాడు రెండు కప్పులు ఎందుకు తీసుకెళ్తాడు?

"పై గేటు?" అంది బెరిల్.

"వేసే ఉంది" అన్నాను.

"అయితే ఇక్కడిదాకా రాలేదు. పాక దాటాక పక్కకి మళ్ళాడు. అక్కడ ఇంకే గేటైనా తెరిచి ఉందా?"

అందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. డాఫ్నీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎడమ పక్కన పాత గేటు. క్వారీ అడవిలోకి పోయేది" అంది. బడిలో పిల్లల్ని వణికించిన గొంతు పీలగా వచ్చింది. "మన దారిది కాదు. కానీ తెరుచుకుని ఊగుతుంటే మనసొప్పలేదు. వెళ్ళి వేసొచ్చాను. మళ్ళీ తెరుచుకోకుండా తాడు కట్టాను."

బెరిల్ ఆమెను ఒక్క మాట అనలేదు. "అది మా పాత దారి. నన్ను మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు దారి అటే ఉండేది" అని జీపు ఎక్కేసింది. రెజ్ అప్పటికే బండి తిప్పుతున్నాడు. మేం వెనకాల పరిగెత్తాం. నా వయసులో అలా కిందికి పరిగెత్తగలనని నాకే తెలీదు.

పాత గేటు దగ్గర డాఫ్నీ తను కట్టిన ముడి తనే విప్పలేకపోయింది. రెజ్ ఆమెను పక్కకి జరిపి కత్తితో తాడు కోశాడు. "తీసే ఉంచండి, ఎవరూ వెయ్యకండి" అంది బెరిల్.

లోపల మసక చీకటి. దారి లేదు, దారి ఉండేదన్న ఆనవాలు ఉంది. నేల క్వారీ వైపు వాలి ఉంది. కంచె ఉందన్న చోట కంచె లేదు, పుచ్చిపోయిన గుంజలు నేలమీద పడి ఉన్నాయి. వాటికి ఇవతల పడిపోయిన బీచ్ మాను మీద మెర్విన్ కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద స్వెట్టరే. పక్కన మాను మీద రెండు కప్పులు. అతని వీపుకి ఆరడుగుల వెనక నేల ఆగిపోయింది. దాని కింద ఎక్కడో నల్లటి నీళ్ళు.

ప్రాణం లేచొచ్చింది అనుకున్నాను. ఒక్క క్షణమే.

"ఏరా ముసలోడా, ఇక్కడున్నావా? పద ఇంటికి" అని రెజ్ నవ్వుతూ ముందుకి పోయాడు.

మెర్విన్ ఉలిక్కిపడి లేచాడు. అంతమంది చెట్ల మధ్యనుంచి తన మీదికి రావడం చూసి బెదిరిపోయాడు. మాను దాటి అవతలికి వెళ్ళాడు. "ఎవరు మీరు? దగ్గరికి రాకండి!"

మేం ఆగిపోయాం. అతను ఇంకో అడుగు వెనక్కి వేశాడు. మడమ కింద రాళ్ళు జారాయి. అవి నీళ్ళలో పడిన చప్పుడు వినబడటానికి చాలాసేపు పట్టింది.

"వెళ్ళిపొండి. నేను నా భార్య కోసం చూస్తున్నాను. ఆమె వచ్చేదాకా కదలను."

బెరిల్ కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. "నేనే మెర్విన్. వచ్చాను కదా."

అతను ఆమెను పరకాయించి చూశాడు. అతని మొహంలో కోపం లేదు, మర్యాద ఉంది. అదే భరించలేకపోయాం.

"మీరు కాదండి. ఆమె చిన్నపిల్ల. తెల్ల బూట్లు వేసుకుంది. పట్నం పిల్ల, దారి తెలీదు. మీరు వచ్చేటప్పుడు గేటు వెయ్యలేదు కదా?"

బెరిల్ కాస్త తూలింది. నేను పట్టుకోబోతే మోచేత్తో తోసేసింది. యాభై ఏళ్ళ కాపురం ఆ ఒక్క మాటతో చేతుల్లోంచి జారిపోయినట్టు ఆమె మొహం అయిపోయింది. ఆ తర్వాత, కొత్త మనిషితో మాట్లాడినట్టే నెమ్మదిగా అంది.

"లేదండీ, తీసే ఉంచాం. ఆ అమ్మాయి వస్తోంది. దార్లో నేను చూశాను."

"చూశారా?" అని అతని మొహం విప్పారింది.

బెరిల్ మావైపు తిరిగింది. "ఎవరూ కదలొద్దు. ఒక్క మాట మాట్లాడొద్దు" అని గొంతు తగ్గించి చెప్పి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది.

ఆమె కర్ర చప్పుడు వింటూ నిలబడ్డాం. ఆకుల్లో కర్ర దిగడం, ఆగడం, మళ్ళీ దిగడం. ఆ తుంటితో ఆ ఎక్కు. ఒకచోట చాలాసేపు ఆగిపోయింది, పడిపోయిందేమో అనుకున్నాను. మెర్విన్ మమ్మల్ని చూస్తున్నాడు, వణుకుతున్నాడు, కాళ్ళు నిలకడగా లేవు. రెజ్ పిడికిళ్ళు బిగించుకుని ఉన్నాడు. ఎగిరి పట్టుకోవాలని అతనికి ఉంది, అంత దూరం అందుకోలేనని తెలుసు. డాఫ్నీ నా చెయ్యి పట్టుకుంది. నేనూ వదల్లేదు.

పైన పాత గేటు కీచుమంది. గడియ టక్కున పడింది.

మెర్విన్ తలెత్తాడు. "అదిగో" అన్నాడు. క్వారీకి వీపు పెట్టి, మాను దాటి, కప్పులు రెండూ చేతుల్లోకి తీసుకుని, మా మధ్యలోంచి, చెట్ల మధ్యలోంచి నడిచినట్టే నడిచి వెళ్ళాడు. రెజ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

మేం దూరంగా వెనకాల వెళ్ళాం. బెరిల్ గేటు దగ్గరనుంచి దిగి వస్తోంది. ఆ చీకట్లో కర్ర కనబడదు, బూట్ల రంగు కనబడదు.

"వచ్చావా పట్నం పిల్లా? ఎంతసేపు? నీ టీ చల్లారిపోయింది" అన్నాడు.

"గేటు బిగుసుకుపోయింది. నీకు నూనె వెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను?" అంది బెరిల్. కప్పు అందుకుని, గడ్డకట్టే ఆ టీ చుక్క మిగల్చకుండా తాగింది. నేను కోటు తీసుకెళ్ళి, ఎడమ చెయ్యి ముందు పెట్టి అతనికి తొడిగాను. తొడిగించుకున్నాడు. నేనెవరో అడగలేదు.

జీపు ఎక్కమంటే ససేమిరా అన్నాడు. ఆదివారం జీపు ఎక్కేదేమిటన్నాడు. బెరిల్ కూడా నడుస్తానంది. రెజ్ జీపు అక్కడే వదిలేశాడు. కింద చర్చి దగ్గర వెతికే దళం దీపాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. రెజ్ టార్చి ఊపి, దొరికాడని అరిచాడు.

పాక గేటు మెర్విన్ తీశాడు. దాటి, వెనక్కి చూడకుండా ముందుకి పోయాడు. మేం ఒకరి తర్వాత ఒకరం దాటాం. డాఫ్నీ దాటగానే ఆమె చెయ్యి అలవాటుగా గేటు మీదికి పోయింది. మళ్ళీ వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకుంది. బెరిల్ ఇంకా వెనకాల వస్తోంది.